పుట్టింది ఐదు దాటాక: పులి గంటా, కుందేలు గంటా?

#1 · తెనాలి అమ్మాయి · కౌలాలంపూర్

అందరికీ నమస్కారం. ఈ వేదికలో జాతకాల చర్చలు చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

నాకు పెళ్ళి కుదిరింది. అబ్బాయిది పెనాంగ్‌లో నాలుగు తరాలుగా ఉంటున్న చైనా కుటుంబం. రెండు వైపులా పెద్దలు మనస్ఫూర్తిగానే ఒప్పుకున్నారు. పోయిన ఆదివారం వాళ్ళింటికి భోజనానికి వెళ్తే, అతని తల్లి ఒక ఎర్ర కాగితం నా చేతిలో పెట్టి నా 'బాజి' రాసిమ్మన్నారు. బాజి అంటే ఎనిమిది అక్షరాలట. పుట్టిన సంవత్సరం, నెల, రోజు, గంట ఇస్తే వాళ్ళ పద్ధతిలో జాతకం వేయిస్తారట.

నేను పుట్టింది 1993 ఆగస్టు 10న తెనాలిలో. చిక్కంతా గంట దగ్గరే వచ్చింది. ఆస్పత్రి కాగితం మీద ఉదయం 5 గంటల 10 నిమిషాలని ఉంది. అమ్మ "ఐదు కొట్టారు, అంతలోనే నువ్వు పుట్టావు" అంటుంది. ఒక యాప్‌లో వేస్తే కుందేలు గంట వచ్చింది, ఇంకోదానిలో పులి గంట, మూడోదానిలో డ్రాగన్ గంట. ఏది నమ్మాలి? తెలిసినవారు చెప్పగలరా?

#2 · మలక్కా తీరం · ఇపో

శుభం అమ్మా. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల పనికి ఇక్కడికి వచ్చారు. మా పక్కింటి చైనా పెద్దాయన దగ్గర కూర్చుని ఈ విద్య కొంత నేర్చుకున్నాను. నాకు తెలిసినంత చెబుతాను.

వీళ్ళ లెక్కలో కాలం రెండు చక్రాల మీద తిరుగుతుంది. ఒకటి పది అక్షరాలది, ఆకాశ కాండాలు అంటారు. చెట్టు, నిప్పు, మట్టి, లోహం, నీరు అనే ఐదు తత్త్వాలకు ఆడ మగ చొప్పున పది. రెండోది పన్నెండు అక్షరాలది, భూమి కొమ్మలు. ఎలుక, ఎద్దు, పులి, కుందేలు అని మనం వినే జంతువులు వీటికే. పదీ పన్నెండూ జతగా తిరిగితే అరవయ్యోదానితో చుట్టు పూర్తవుతుంది. మన ప్రభవ, విభవల చక్రం కూడా అరవయ్యే కదా! వాళ్ళ చుట్టు 1984లో మొదలైతే మన ప్రభవ 1987లో వచ్చింది. మూడేళ్ళే తేడా. అరవై నిండడం వాళ్ళకూ మనలాగే పెద్ద పండగ.

సంవత్సరానికో జత, నెలకో జత, రోజుకో జత, గంటకో జత. ఇవే నాలుగు స్తంభాలు, ఎనిమిది అక్షరాలు. ఇందులో గ్రహాలు లేవు, లగ్నం లేదు. రోజు స్తంభంలోని పై అక్షరమే జాతకుడు. మిగతా ఏడు అక్షరాలూ అతనికి తల్లా, బిడ్డా, శత్రువా, అధికారా అని చూస్తారు. పూర్వం టాంగ్ వంశం కాలంలో సంవత్సరాన్ని కేంద్రంగా పెట్టుకునేవారు. రోజును కేంద్రం చేసిన పద్ధతి సోంగ్ కాలపు షు జిపింగ్‌ది అని చెబుతారు.

గంట అంటే వాళ్ళకు మన రెండు గంటలు. రాత్రి 11 నుంచి 1 దాకా ఎలుక, 1 నుంచి 3 దాకా ఎద్దు, 3 నుంచి 5 దాకా పులి, 5 నుంచి 7 దాకా కుందేలు. మీరు సరిగ్గా గడప మీద పుట్టారు.

#3 · అలల పాప · విశాఖపట్నం

మధ్యలో ఒక ప్రశ్న, క్షమించండి. నేను 1988 ఫిబ్రవరి 10న పుట్టాను. కొన్నిచోట్ల కుందేలు సంవత్సరం అంటారు, కొన్నిచోట్ల డ్రాగన్ అంటారు. ఏది?

#4 · మలక్కా తీరం · ఇపో

బాజిలో డ్రాగనే. చైనా కొత్త సంవత్సరం పండగ ఆ ఏడాది ఫిబ్రవరి 17న వచ్చింది కాబట్టి పండగ లెక్కన కుందేలు అంటారు. బాజికి పండగతో పనిలేదు. చైనా లెక్కలో వసంతం మొదలయ్యే బిందువుకు సూర్యుడు చేరే రోజున, అంటే ఏటా ఫిబ్రవరి 4 ప్రాంతంలో, సంవత్సరం మారుతుంది. నెలలు కూడా అమావాస్యలను బట్టి కాకుండా సూర్యుణ్ణి బట్టే మారతాయి, మన సంక్రమణాల్లాగా.

#5 · యాంగ్జీ ఒడ్డు · షాంఘై

తెనాలి అమ్మాయి గారూ, మీ మూడో యాప్ మీ సమయాన్ని బీజింగ్ సమయంలోకి మార్చేసింది. మన 5:10 అక్కడ 7:40 అవుతుంది, అందుకే డ్రాగన్ వచ్చింది. దాన్ని వదిలేయండి. గంట స్తంభానికి కావలసింది పుట్టిన ఊళ్ళో సూర్యుడు చూపే సమయం.

ఇక్కడ ఇదొక పెద్ద తగువు. చైనా అంతటికీ ఒకే గడియారం, 120 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. పడమటి వైపున ఉన్న ఉరుమ్‌చీలో గడియారం పన్నెండు కొట్టేసరికి సూర్యుడి లెక్కన ఇంకా పది గంటలు కూడా కాదు. అక్కడ పుట్టినవాళ్ళకు గడియారం చూసి జాతకం వేస్తే ఒక గంట స్తంభం పూర్తిగా తప్పుతుంది. దానికి తోడు 1986 నుంచి 1991 దాకా వేసవిలో గడియారాలు ఒక గంట ముందుకు జరిపేవారు. ఆ ఏళ్ళలో పుట్టిన నా స్నేహితురాళ్ళందరూ ఆ గంట తీసేసి చూసుకుంటారు.

మీ కాబోయే వారి సమయం కూడా సరిచూడండి. పెనాంగ్ 100 డిగ్రీల దగ్గర ఉంది, గడియారం మాత్రం 120 డిగ్రీలది. సుమారు 80 నిమిషాల తేడా. అదీ 1982 నుంచి. అంతకుముందు మలేషియా ద్వీపకల్పం గడియారం అరగంట వెనక ఉండేది.

#6 · కాన్పు గది · ఖమ్మం

ఇరవై రెండేళ్ళుగా కాన్పు గదిలో పనిచేస్తున్న నర్సుని. కాగితం మీద ఉన్న 5:10 గురించి ఒక మాట. అది శిరోదయమా (తల బయటపడిన క్షణం), భూపతనమా (బిడ్డ నేలను తాకిన క్షణం), నాళచ్ఛేదమా (బొడ్డుతాడు కోసిన క్షణం) అని జ్యోతిష్కులు అడుగుతారు. మేము బిడ్డ పూర్తిగా బయటపడిన క్షణం చూస్తాం. చూస్తాం అంటున్నాను, కానీ ఆ క్షణంలో చేతులు బిడ్డ మీద ఉంటాయి. ఏడుపు వినబడాలి, ఒళ్ళు తుడవాలి, తల్లికి రక్తస్రావం చూడాలి. తలెత్తి గోడ గడియారం చూసేసరికి రెండు నిమిషాలు దాటవచ్చు, ఐదూ దాటవచ్చు. ఆ గడియారం ఎంత ముందుందో ఎవరూ సరిచూసి ఉండరు. 1993లో అయితే మరీను. సున్నాతోనో ఐదుతోనో ముగిసే సమయం కనబడితే అది ఉజ్జాయింపే అనుకోండి.

#7 · పాత పంచాంగం · రాజమహేంద్రవరం

చిరంజీవి సౌభాగ్యవతికి ఆశీస్సులు. అమ్మా, మీ ఇంట్లో పాతకాలపు పెద్దలెవరైనా జనన సమయం ఘడియల్లో రాసిపెట్టారేమో వెతికించండి. ఆ రోజుల్లో చాలా ఇళ్ళలో పంచాంగం అంచు మీదనో, పద్దుల పుస్తకం చివరి పేజీలోనో రాసేవారు. సూర్యోదయం నుంచి ఎన్ని ఘడియలు గడిచాయో లెక్క పెట్టేవారు కాబట్టి అది ముందే సూర్యుడి సమయం. గడియారం సవరణల గొడవ చాలావరకు తప్పుతుంది.

ఒక హెచ్చరిక. మనకు వారం సూర్యోదయంతో మారుతుంది. ఆగస్టు 10 మంగళవారం. మీరు సూర్యోదయానికి ముందు పుట్టారు కనుక పుస్తకంలో సోమవారం అని ఉండవచ్చు. కంగారు పడకండి.

#8 · తెనాలి అమ్మాయి · కౌలాలంపూర్

పాత పంచాంగం గారూ, మీ మాట చదివి వెంటనే నాన్నకు ఫోను చేశాను. దొరికింది!

తాతయ్య పోయి పదకొండేళ్ళయింది. ఆయన ధాన్యం లెక్కలు రాసుకున్న పొడుగాటి పుస్తకం బీరువా అడుగున, నానమ్మ పెళ్ళి చీర కింద ఉందట. నాన్న ఫొటో పంపారు. పేజీ పైన శ్రీరామ అని ఉంది, నాలుగు మూలలా పసుపు మరకలు. కింద నీలి సిరాతో ఇలా ఉంది: "శ్రీముఖ నామ సంవత్సరం శ్రావణ మాసం కృష్ణ పక్షం సోమవారం రాత్రి తెల్లవారితే మంగళవారం అనగా 58 ఘడియల 10 విఘడియలకు మనుమరాలు కలిగినది. భరణి." దాని పక్కనే, అదే సిరాతో, ఆ రోజు మిల్లుకు తోలిన బస్తాల లెక్క ఉంది. ఆ రెండు పంక్తులూ ఒకే పేజీలో చూసి చాలాసేపు ఏడ్చాను.

ఇప్పుడు దీన్ని గంటల్లోకి ఎలా మార్చాలి?

#9 · పాత పంచాంగం · రాజమహేంద్రవరం

ఎంత చక్కటి అలవాటు ఆయనది! లెక్క చూడండి. ఘడియకు 24 నిమిషాలు, విఘడియకు 24 సెకన్లు. 58 ఘడియలంటే 1,392 నిమిషాలు, 10 విఘడియలు 4 నిమిషాలు. మొత్తం 23 గంటల 16 నిమిషాలు. ఆగస్టు రెండో వారంలో తెనాలిలో సూర్యోదయం మన గడియారంలో 5:50 ప్రాంతం. సోమవారం 5:50కి 23 గంటల 16 నిమిషాలు కలిపితే మంగళవారం 5:06. ఆస్పత్రి 5:10, తాతగారి 5:06. ఖమ్మం నర్సమ్మ చెప్పిన ఆలస్యమే ఈ నాలుగు నిమిషాల తేడాలో కనబడుతోంది.

ఇక ఊరి సూర్యుడి సమయం. భారత గడియారం 82.5 డిగ్రీలది, తెనాలి 80.6. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున ఏడున్నర నిమిషాలు వెనక్కి. ఆగస్టు మొదట్లో సూర్యుడే ఇంకో ఐదు నిమిషాలు ఆలస్యంగా నడుస్తాడు. రెండూ తీసేస్తే 4:53. ఆస్పత్రి సమయం పట్టుకున్నా 4:57. ఏ కాగితం చూసినా ఐదు దాటలేదు.

#10 · మలక్కా తీరం · ఇపో

అయితే పులి గంట. పూర్వం చైనా పట్టణాల్లో రాత్రిని ఐదు భాగాలు చేసి, భాగానికోసారి ఢంకా కొట్టేవారు. బీజింగ్‌లో, షియాన్‌లో ఆ ఢంకా బురుజులు ఇప్పటికీ ఉన్నాయి. పులి గంటే ఆ ఐదో భాగం. మీరు దాని చివరి నిమిషాల్లో పుట్టారు.

మీ నాలుగు స్తంభాలు రాస్తున్నాను. సంవత్సరం గుయ్-యౌ: నీటి కోడి. నెల గెంగ్-షెన్: లోహపు కోతి. రోజు గుయ్-హాయ్: నీటి పంది. ఇది అరవైలో చివరిది, మరుసటి రోజుతో కొత్త చుట్టు మొదలైంది. గంట జియా-యిన్: చెట్టు పులి. కుందేలు గంట అయి ఉంటే చివరి స్తంభం యి-మావో అయ్యేది.

మీరు గుయ్, అంటే వాన నీరు, మంచు బిందువు. లోహం నుంచి నీరు పుడుతుందంటారు. లోహం బలంగా ఉండే నెలలో పుట్టారు, కాబట్టి నీరు నిండుగా ఉంది. దాన్ని తాగడానికి చెట్టు కావాలి, కాచడానికి నిప్పు కావాలి. మీ జాతకంలో నిప్పు ఒకే ఒక్కచోట ఉంది: పులి కడుపులో దాగిన అక్షరంగా. కుందేలు గంట అయితే అదీ ఉండేది కాదు.

#11 · తెనాలి అమ్మాయి · కౌలాలంపూర్

మలక్కా తీరం గారూ, మీరు మంచి మాట చెప్పారు. కానీ ఇక్కడ ఇంకోలా అయింది.

నిన్న అతని పిన్ని తనకు తెలిసిన ఒక జ్యోతిష్కుడికి రెండు గంటలూ చూపించారట. కుందేలు అయితే శాంత స్వభావమని, పులి అయితే గంట స్తంభం పైన ఉన్న అక్షరం భర్తకు చెరుపు చేస్తుందని ఆయన అన్నారట. దాని పేరే 'అధికారిని గాయపరిచేది' అట. పిన్ని నన్ను పక్కకు పిలిచి, ప్రేమగానే, "ఐదున్నర అని రాసెయ్యి అమ్మాయీ, ఎవరు చూడొచ్చారు?" అన్నారు. మా అత్త కూడా ఫోనులో అదే మాట అంది. నాకు రాత్రంతా నిద్రలేదు.

#12 · లెక్కల మాస్టారు · వరంగల్

అమ్మా, నాకు ఈ విద్య మీద నమ్మకం లేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. అరవై సంవత్సరాలు, పన్నెండు నెలలు, అరవై రోజులు, పన్నెండు గంటలు. గుణిస్తే 5,18,400 జాతకాలు. భూమి మీద 800 కోట్ల మంది. సగటున ఒక్కో జాతకానికి పదిహేను వేల మంది వస్తారు. వాళ్ళందరి భర్తలూ గాయపడ్డారా?

ఈ సందేహం చైనాలోనే పుట్టింది. దాదాపు రెండు వేల ఏళ్ళ కిందట, హాన్ వంశం కాలంలో వాంగ్ చోంగ్ అనే పండితుడు అడిగాడు: ఎలుక నీరు, గుర్రం నిప్పు, నీరు నిప్పును గెలుస్తుందంటారు, మరి ఎలుక గుర్రాన్ని ఎందుకు తరమదు? కోడి లోహం, కుందేలు చెట్టు, కోడి కుందేలును ఎందుకు పొడవదు?

నమ్మకం వల్ల జరిగే చెరుపు మాత్రం నిజం. జపాన్‌లో నిప్పు గుర్రం సంవత్సరంలో పుట్టిన ఆడపిల్ల భర్తను మింగుతుందని భయం. 1965లో అక్కడ 18 లక్షలకు పైగా పిల్లలు పుట్టారు. నిప్పు గుర్రం అయిన 1966లో ఆ సంఖ్య 13.6 లక్షలకు పడిపోయింది, మరుసటేడు 19 లక్షలు దాటింది. ఒక అక్షరానికి భయపడి ఒక దేశం ఒక ఏడాది పిల్లల్ని కనడం తగ్గించుకుంది. ఈ 2026 మళ్ళీ అదే నిప్పు గుర్రం.

#13 · మూల నక్షత్రం · అనంతపురం

నా పేరు ఈ వేదికలో ఎందుకు ఇలా పెట్టుకున్నానో ఎప్పుడూ చెప్పలేదు. నాది మూల. మామగారికి గండమని మూడు సంబంధాలు తప్పిపోయాయి. నాలుగో సంబంధానికి మా నాన్న జనన సమయం మార్చి, జ్యేష్ఠలోకి తెచ్చి, చక్రం వేయించారు. పెళ్ళయింది. మామగారికి ఏమీ కాలేదు, ఎనభై మూడేళ్ళు బతికారు. కానీ ఆయనకు జలుబు చేసినా నాకు గుండె దడ. ఆస్పత్రికి తీసుకెళ్ళిన ప్రతిసారీ 'వీళ్ళకు నిజం తెలిస్తే' అనుకునేదాన్ని. పంతొమ్మిదేళ్ళు ఆ భయంతోనే ఆయనకు సేవ చేశాను. నక్షత్రం వల్ల నాకు ఏ కష్టమూ రాలేదు, ఆ దొంగ కాగితం వల్లే వచ్చింది.

అమ్మా, ఐదున్నర అని రాయవద్దు.

#14 · మలక్కా తీరం · ఇపో

మూల నక్షత్రం గారికి నమస్కారం. ఈ మాట చెప్పడం తేలిక కాదు.

మాస్టారు గారూ, ఒకే స్తంభాలున్న ఇద్దరి బతుకులు ఒకేలా ఉండవని మా పెద్దాయన కూడా ఒప్పుకునేవారు. కవల పిల్లల జాతకం తెస్తే ఆయన నోరు విప్పేవారు కాదు. నేను విద్యను వెనకేసుకు రావడం లేదు. విద్య ప్రకారమే చూసినా ఆ జ్యోతిష్కుడి మాట సగమే.

జియా మీ నీటికి 'గాయపరిచే' బిడ్డ, నిజమే. దెబ్బ తగిలేది మట్టికి, మట్టి మీకు భర్త స్థానం. కానీ ఒక్క అక్షరం చూసి తీర్పు చెప్పకూడదు. రోజు స్తంభం కింది అక్షరం దాంపత్య స్థానం, అక్కడ పంది ఉంది. పులికీ పందికీ పొత్తు. రెండూ కలిసి చెట్టు అవుతాయి, నిండిన నీటికి దారి దొరుకుతుంది. ఆ పులిలోనే నిప్పు ఉంది, ఆ నిప్పు నుంచే మట్టికి బలం వస్తుంది. పులికి నెలలోని కోతితో పోట్లాట ఉంది, దాన్ని దాచను. మరి కుందేలు గంట మంచిదంటున్నారే, ఆ కుందేలుకు సంవత్సరంలోని కోడితో పోట్లాట లేదా? గంట మార్చినంత మాత్రాన పోట్లాట పోదు, చోటు మారుతుంది.

ఇంకొకటి. పదేళ్ళకోసారి మారే దశ ఎప్పుడు మొదలవుతుందో పుట్టిన క్షణం నుంచి తర్వాతి సూర్య సంధి (సూర్యుణ్ణి బట్టి నెల మారే క్షణం) దాకా రోజులు లెక్కపెట్టి, మూడు రోజులకు ఒక ఏడాది చొప్పున తీస్తారు. మీకు తొమ్మిదిన్నర ఏళ్ళు. రెండు గంటలు అటూ ఇటూ జరిపినా అందులో మారేది పది రోజులే. అన్నిటికంటే ముఖ్యం, కల్పించిన గంటతో చూసిన జాతకం మీది కాదు. దానికి ఎంత మంచి ఫలం చెప్పినా అది మీకు చెందదు.

#15 · యాంగ్జీ ఒడ్డు · షాంఘై

ఒక పాత ఆచారం గుర్తొచ్చింది. పెళ్ళి మాటల్లో అమ్మాయి ఎనిమిది అక్షరాలున్న ఎర్ర కాగితాన్ని అబ్బాయి ఇంట్లో పితృదేవతల పీఠం మీద మూడు రోజులు ఉంచేవారు. ఆ మూడు రోజుల్లో ఇంట్లో తగాదా, జబ్బు, గిన్నె పగలడం లాంటివేమీ లేకపోతే పెద్దలు ఒప్పుకున్నట్టే. జ్యోతిష్కుడు ఆ తర్వాత. మీ కాబోయే అత్తగారు ఎర్ర కాగితం ఇచ్చారంటే ఆ పద్ధతి తెలిసిన మనిషే అయి ఉంటారు. నేరుగా ఆవిడతోనే మాట్లాడండి, పిన్నిగారి ద్వారా వద్దు.

#16 · తెనాలి అమ్మాయి · కౌలాలంపూర్

పన్నెండు రోజుల తర్వాత వస్తున్నాను, మన్నించండి.

శనివారం పెనాంగ్ వెళ్ళాను. ఎర్ర కాగితం మీద 5:06 అనే రాశాను. కింద తెనాలి రేఖాంశం, సూర్యుడి సమయం 4:53 అని వేశాను. తాతయ్య పేజీ ఫొటో పెద్దదిగా అచ్చు వేయించి దానితో జతచేశాను. వంటింట్లో, ఆవిడ ఒక్కరే ఉన్నప్పుడు ఇచ్చి, పిన్నిగారు విన్న మాట కూడా నేనే చెప్పాను.

ఆవిడ తాతయ్య చేతిరాతను చాలాసేపు చూశారు. ఏ అక్షరం ఏమిటని అడిగారు. బస్తాల లెక్క దగ్గర వేలు పెట్టి, ఇది కూడా జాతకమా అని అడిగారు. కాదు, ఆ రోజు ధాన్యం అని చెప్పాను. అప్పుడు తన మామగారు కూడా బియ్యం కొట్టు పద్దుల పుస్తకంలోనే పిల్లల పుట్టిన గంటలు రాసేవారని చెప్పి, లోపలికి వెళ్ళి ఆ పుస్తకం తెచ్చారు. ఆయన 1991లో రాసిన మనవడి గంట అందులో ఉంది.

రెండు కాగితాలూ కలిపి పీఠం మీద, కమలాపళ్ళ పక్కన పెట్టారు. మూడు రోజులు గడిచాయి. ఈ ఉదయం ఫోను చేసి పెళ్ళి తేదీ చూడమన్నారు. మా వాళ్ళు శ్రావణంలో అంటున్నారు, ఆగస్టు 13 తర్వాత. ఏమైనా ఇబ్బందా?

#17 · మలక్కా తీరం · ఇపో

చాలా సంతోషం అమ్మా! శ్రావణం మాత్రం వద్దని చెప్పండి. ఆగస్టు 13న వాళ్ళకు ఏడో నెల మొదలవుతుంది. అది పితృదేవతలు, దిక్కులేని ఆత్మలు తిరిగే నెల, పెళ్ళి మాటే ఎత్తరు. ఒకే అమావాస్య తర్వాత మొదలయ్యే ఒకే చంద్రమాసం, మనకు పెళ్ళిళ్ళది, వాళ్ళకు పెద్దలది.

#18 · పాత పంచాంగం · రాజమహేంద్రవరం

అయితే కార్తీకం చూద్దాం. నవంబరు రెండో వారం నుంచి. మలక్కా వారూ, ఆ నెలలో వాళ్ళకు పనికిరాని రోజులు ఏవో రాసి పంపితే, మిగిలినవాటిలో నేను తారాబలం చూసి పెడతాను.

#19 · మలక్కా తీరం · ఇపో

అమ్మాయిది కోడి సంవత్సరం కనుక కుందేలు రోజులు, అబ్బాయిది 1991 మేక కనుక ఎద్దు రోజులు వదిలేయాలి. పన్నెండు రోజులకొకటి చొప్పున వస్తాయి. రేపు సాయంత్రానికి పట్టిక పంపుతాను.